సగంలో ఆగిన నవల

ఈరోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక నవల ఉంది. ఆ నవల చదివి "నేనూ ఇట్లా రాయాలి" అనుకున్న ఇద్దరున్నారు. ఒకాయన చాలా పెద్ద రచయిత. రెండోవాడు ఈ వీడియోలో మీకు కనిపిస్తున్నవాడు. ఆయన రాశారు, నేను రాయలేకపోయాను. ఎందుకో చెప్తా.

మాది నల్లగొండ జిల్లా, నకిరేకల్ దగ్గర. డిగ్రీలో ఉన్నప్పుడు లైబ్రరీలో అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి దొరికింది. 'ప్రజల మనిషి'. రాసింది వట్టికోట ఆళ్వారుస్వామి. ఆయన పుట్టిన మాధవరం మా ఊరికి దగ్గరే అని పుస్తకం అయిపోయాక తెలిసింది. అప్పటిదాకా నవలలు రాసేవాళ్లు ఎక్కడో దూరాన ఉంటారనుకునేవాణ్ని. మా బస్సు రూట్‌లో ఉంటారని ఎవరనుకుంటారు చెప్పండి?

ఈయన జీవితం చూడండి. చిన్నప్పుడే తండ్రి పోయారు. ఇళ్లల్లో వంట చేసిపెడుతూ చదువు నేర్చుకున్నారు. విజయవాడలో హోటల్ సర్వర్‌గా పనిచేశారు. తర్వాత హైదరాబాదు వచ్చి గోలకొండ పత్రికలో ప్రూఫ్ రీడర్ అయ్యారు. రష్యాలో గోర్కీ కూడా ఓడలో గిన్నెలు కడిగి, రొట్టెల బట్టీలో పనిచేసి రచయిత అయ్యాడని మనం గొప్పగా చెప్పుకుంటాం. అట్లాంటి మనిషి మన నకిరేకల్ పక్కనే ఉన్నాడని ఎందరికి తెలుసు?

ఆ గోలకొండ పత్రిక సంగతి కూడా కొంచెం చెప్పాలి. దాన్ని 1926లో మొదలుపెట్టింది పాలమూరు జిల్లా మనిషి సురవరం ప్రతాపరెడ్డి. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, ఆయన వాదన పెట్టుకోలేదు. ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' వేశారు. ఇప్పుడైతే కామెంట్లలో తిట్టుకుని వదిలేసేవాళ్లం.

ఆళ్వారుస్వామి 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. పుస్తకాలు అచ్చు వేయించడమే కాదు, మోసుకుపోయి మరీ అమ్మేవారు. నిజాం కాలంలో జైలుకూ వెళ్లారు. నిజామాబాదు జైల్లో కవి దాశరథి కృష్ణమాచార్య ఆయనతోపాటే ఉన్నారు. దాశరథి బొగ్గుతో గోడల మీద పద్యాలు రాసింది ఆ జైల్లోనే. తర్వాత 'అగ్నిధార'ను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు.

ఇక 'ప్రజల మనిషి'. దిమ్మెగూడెం అనే ఊరు, రామభూపాలరావు అనే దొర, కంఠీరవం అనే యువకుడు. వెట్టి చాకిరి, భూములు లాక్కోవడం, మతం మార్పిడుల గొడవలు, ఆంధ్ర మహాసభ ఊళ్లలోకి రావడం, అన్నీ ఉంటాయి. నన్ను పట్టుకున్నది మాత్రం కథ కాదు. ఊళ్లో ఏ పని ఎవరు చేస్తారు, ఎవరి ముందు ఎవరు నిలబడతారు, ఎవరు కూర్చుంటారు అనేది ఈ రచయితకు తెలుసు. గదిలో కూర్చుని ఊహించి రాసింది కాదని నాలుగు పేజీల్లో అర్థమైపోతుంది.

ఆళ్వారుస్వామి ఒక్క నవలతో ఆపాలనుకోలేదు. తెలంగాణ చరిత్ర మొత్తాన్నీ వరసగా నవలల్లో చెప్పాలన్నది ఆయన ఆలోచన. రెండోది 'గంగు' మొదలుపెట్టారు. అది పూర్తి కాకుండానే 1961లో పోయారు. యాభై ఏళ్లు కూడా నిండలేదు.

ఆ పనిని భుజానికెత్తుకున్నది దాశరథి తమ్ముడు, రంగాచార్య. మున్సిపాలిటీలో ఉద్యోగం చేసుకుంటూ రాశారు. అయితే 'గంగు' ఆగిన చోటి నుంచి ఎత్తుకోలేదు. ఇంకా వెనక్కి పోయారు. 'చిల్లర దేవుళ్లు'లో 1938కి ముందటి ఊరు, గడీ కనిపిస్తాయి. తర్వాత 'మోదుగుపూలు'లో పోరాట కాలం, 'జనపదం'లో పోలీసు చర్య తర్వాతి కాలం. ఆళ్వారుస్వామిలాగా రాయాలని కూడా చూడలేదు. కంఠీరవం లాంటి నాయకుడితో మొదలుపెట్టకుండా, బతుకుదెరువు కోసం బయటి నుంచి వచ్చిన పాణి అనే పాటగాణ్ని గడీలోకి పంపారు. ఆ కొత్తవాడి కళ్లతో మనకు దొర ఇల్లు కనిపిస్తుంది, అక్కడి ఆడబాపల బతుకు కనిపిస్తుంది. అంత అభిమానించిన మనిషి నుంచి తీసుకున్నది పని ఒక్కటే. రాసే తీరు మాత్రం తన సొంతం.

నేను చేసింది సరిగ్గా దీనికి తలకిందులు. 'ప్రజల మనిషి' అయిపోయిన వారానికే రెండు వందల పేజీల నోట్‌బుక్ కొన్నా. నా నవలలోనూ ఒక దొర, ఒక వీరుడు. మొదటి అధ్యాయంలోనే దొర గుర్రం మీద వచ్చి ఒక ముసలాయన్ని కొరడాతో కొడతాడు. రాసి మా నాయనమ్మకు చదివి వినిపించా. ఆమె చిన్నతనం ఆ రోజుల్లోనే గడిచింది. మెచ్చుకుంటుందని ఎదురుచూస్తున్నా.

"దొర మా ఇంటికాడికి ఎన్నడొచ్చిండు బిడ్డా?" అన్నది. "నేనసలు దొరను సూడనే లేదు. సుంకరోడు వచ్చేటోడు. బయట నిలవడి దగ్గేటోడు. గా దగ్గు ఇనంగనే మా అమ్మ పొయ్యి మీది కుండ దించి పనికి పొయ్యేది. మేం అట్లనే ఉపాసం పండుకునేది."

నేను నోట్‌బుక్ మూసేశా. నిజం చెప్పాలంటే కోపం కూడా వచ్చింది. చదువు రాని మనిషికి నవల గురించి ఏం తెలుసులే అనుకున్నా. ఇంత మొండితనం ఏంటో! ఆ దగ్గు ఒక్కటే నా అధ్యాయం మొత్తం కంటే భయంగా ఉందని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. 'చిల్లర దేవుళ్లు' మళ్లీ చదువుతుంటే, ఆ పేరు దగ్గరే ఆగిపోయా. పెద్ద దేవుడు పైన ఎక్కడో ఉంటాడు. ఇంటి ముందుకొచ్చి దగ్గేది చిల్లర దేవుడే కదా. అప్పటికి నాయనమ్మ పోయి రెండేళ్లయింది. చేతిలో ఫోనుండీ ఆమె మాట ఒక్కటి రికార్డు చేసుకోలేదు. పెళ్లిళ్ల వీడియోలు మాత్రం వందున్నాయి.

రంగాచార్య రాసిన కాలం దాటాక మా దగ్గర ఎంత జరిగింది! ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన పిల్లలు, దేశమంతా ప్రాజెక్టులు కట్టడానికి మూటలు కట్టుకుని పోయిన పాలమూరు లేబర్, ఎండిన బోర్లు. వీటి మీద రాసినవాళ్లు లేరని కాదు. కానీ మా ఊరి సంగతి మా ఊరివాళ్లకే తెలుసు.

పోయినేడు మళ్లీ మొదలుపెట్టా. ఈసారి నవల దగ్గుతోనే మొదలవుతుంది. రెండు అధ్యాయాలు అయ్యాయి. మూడోది ఆగిపోయింది. సుంకరి కూడా బీదవాడే కదా, తన ఇంట్లో పొయ్యి ఎప్పుడు వెలిగేది? వాడి భార్యను పిలవడానికి ఎవరు వచ్చి దగ్గేవాళ్లు? నాకు తెలియదు. నాయనమ్మ చెల్లెలు దేవరకొండలో ఉంది. ఆమెకు చెవులు సరిగ్గా వినపడవు, జ్ఞాపకం మాత్రం గట్టిదే. ఈ ఆదివారం పొద్దున బస్సుకు పోతున్నా. ఫోన్ ఫుల్ ఛార్జింగ్ పెట్టుకుని.