పంటి గారకు లెక్క కట్టిన కథ

నారాయణపేట నుంచి నల్లగొండ దాకా నేల కింద ఎక్కువగా గ్రానైటు రాయే. అందులోని ఫ్లోరైడ్ కరిగి బోరు నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్ల మీద మొదట సున్నపు మచ్చలు కనిపిస్తాయి, పోనుపోను గోధుమరంగు గార దిగుతుంది. ఎంత తోమినా పోదు. పన్ను ఇంకా చిగురులో ఉండగానే పింగాణి పొర చెడిపోతుంది మరి.

దీని కారణం తేలడానికే ముప్పై ఏళ్లు పట్టింది. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో వైద్యం మొదలుపెట్టిన ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు ఈ మరకల వెంటపడి, చివరికి నీళ్లను అనుమానించాడు. మామూలు పరీక్షలకు ఏమీ చిక్కలేదు. 1931లో హెచ్.వి. చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త నీటిని వర్ణపట పరీక్షకు పెడితే ఫ్లోరైడ్ బయటపడింది. మన దగ్గర 1937లో షార్ట్ బృందం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ జబ్బును నమోదు చేసింది. నల్లగొండ గురించి సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

కంటితో చూసి చెప్పడం వేరు, కొలవడం వేరు. 1933లో విల్లార్డ్, వింటర్ చూపిన దారి ఇది: నమూనాను ఆమ్లంతో కాచి, ఆవిరితో వచ్చే ఫ్లోరైడ్‌ను పట్టాలి. రంగు కలిపిన ఆ ద్రావణం పసుపుగా ఉంటుంది. అందులో థోరియం నైట్రేట్‌ను బొట్టు బొట్టుగా వదలాలి. ఫ్లోరైడ్ అంతా దానితో కలిసిపోగానే గులాబీ ఛాయ తొంగిచూస్తుంది. ఎంత థోరియం నైట్రేట్ ఖర్చయిందో అదే లెక్క. ఓపికకు పరీక్ష పెట్టే పని! 1966లో ఫ్రాంట్, రాస్ లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం బిగించిన ఎలక్ట్రోడ్‌ను తెచ్చాక అది నిమిషాల పని అయింది. ఆమ్లంలో కరిగించిన పంటి పొడినైనా, బోరు నీటినైనా దానితోనే కొలుస్తున్నారు.

ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, పంటిలో ఖనిజం మొత్తం ఎంతుందో తెలియాలంటే పన్నును పలచని బిళ్లగా కోసి ఎక్స్‌రే తీస్తారు. పక్కనే మెట్లుమెట్లుగా మందం పెరిగే అల్యూమినియం ముక్కను పెట్టి, నీడల చిక్కదనాన్ని దానితో పోలుస్తారు. గట్టి పింగాణి బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. అది తగ్గిన చోటు ఇక్కడ దొరికిపోతుంది.

ఇక నీటి సంగతికి వస్తే, నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నంతో నీటిని శుద్ధి చేసే ‘నల్లగొండ పద్ధతి’ని రూపొందించింది. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడానికి పనికిరావు. పిల్లల శాశ్వత దంతాల పింగాణి చాలావరకు ఎనిమిదేళ్లలోపే తయారవుతుంది. కాబట్టి ఇంట్లో పసిపిల్లలుంటే బోరు నీళ్లను శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి ఇప్పుడే పరీక్షకు పంపండి.