నేల ఎత్తుపల్లములు - ప్రాచీన మానవుని జాడలు

భిలాయి ఉక్కు కర్మాగార నిర్మాణమునకై భారత, సోవియట్ ప్రభుత్వముల మధ్య ఒడంబడిక 1955 ఫిబ్రవరి 2వ తేదీన కుదిరెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఆ కొలిమికి కావలసిన ఇనుపరాయి దల్లీ-రాజ్‌హరా కొండలనుండి వచ్చెను. ఆ కొండలు 2012లో దుర్గ్ జిల్లానుండి విడివడిన బాలోద్ జిల్లాలో నున్నవి. అదే జిల్లాలో కర్కాభాట్, ధనోరా, సోరర్ మున్నగు గ్రామముల చెంత వేరొక విధమైన రాళ్లు కలవు. అవి గనిలోని రాళ్లు కావు. వ్రాత తెలియని కాలమున మానవులు తమ మృతులకై నిలిపిన పెద్దరాళ్లు. ధనోరాలో 1956-57లో ఎం.జి. దీక్షిత్, కర్కాభాట్‌లో 1990-91లో ఎ.కె. శర్మ త్రవ్వకములు సాగించిరి. ఇట్టి సమాధులను తెలుగునాట పల్లెప్రజలు రాక్షసగుళ్లనియు, పాండవగుళ్లనియు పిలిచెదరు. దక్షిణ భారతమున వీనిని నిర్మించినవారు ఇనుము నెరిగినవారు. ఇనుముతో బ్రదుకు సాగించు ఈ పట్టణమునకు వారు ఒకవిధముగా పూర్వులే యని చెప్పవచ్చును.

ఆ పూర్వులు తమ మృతులకు ఆ చోటునే ఏల ఎన్నుకొనిరి? ఏటికి ఎంత దూరమున, ఏ మిట్టపైన, ఏ కొండ కనబడునట్లుగా ఆ రాళ్లను నిలిపిరి? వారు వ్రాసి యుంచినది ఏమియు లేదు. కనుక నేలనే అడుగవలెను. నేలను అడుగు విధానములలో నేడు ప్రముఖమైనది డిజిటల్ భూతల పటము.

భూమిని కొలుచు విద్య మనకు క్రొత్తది కాదు. 1802లో మద్రాసు సమీపమున విలియం లాంబ్టన్ ప్రారంభించిన త్రికోణమితి సర్వే దేశమంతటను వ్యాపించెను. ఆ పిమ్మట సర్వే శాఖవారి పటములపై సమోన్నత రేఖలు వెలసెను. 1863లో మద్రాసు చెంత పల్లావరమున రాతిగొడ్డలిని గుర్తించి భారతదేశ ప్రాగితిహాస పరిశోధనకు నాంది పలికిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ భూగర్భశాస్త్రజ్ఞుడు. ఒక పనిముట్టు దొరికినచో అది ఏ నేలపొరలో, ఏ నదీతీరపు మెట్టపై దొరకినదో చూచుట ఆయన పద్ధతి. 1884లో కర్నూలు మండలమున బిల్లసర్గం గుహలను త్రవ్వించినప్పుడును ఆయన అట్లే గావించెను. నేటి యంత్రములు చేయుచున్నది ఆ పాత పనినే. వేగము, విస్తృతి మాత్రము క్రొత్తవి.

డిజిటల్ పటమనగా చిత్రము కాదు, అంకెల పట్టిక. నేలను చదరంగపు గడులవలె చిన్న చిన్న చతురస్రములుగా విభజించి, ఒక్కొక్క గడికి దాని ఎత్తును తెలుపు అంకెను వ్రాసినచో అదియే ఈ పటము. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అను అమెరికా అంతరిక్ష నౌక పదునొకండు దినములు తిరుగుచు, రాడార్ కిరణములతో భూఖండములలో నూటికి ఎనుబది పాళ్ల నేలను ఇట్లు కొలిచెను. 2005 మే 5వ తేదీన మనదేశము కార్టోశాట్-1 ఉపగ్రహమును పంపెను. దాని రెండు కెమెరాలలో ఒకటి ముందునకు, ఒకటి వెనుకకు వంగి యొకే నేలను రెండు కోణములనుండి చూచెను. మన రెండు కన్నులు దూరమును గ్రహించునట్లే ఆ రెండు చిత్రముల భేదమునుండి ఎత్తును గణించిరి. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము ఇట్లు దేశమంతటికి 30 మీటర్ల గడులతో ఎత్తుల పటమును సిద్ధపరచి, భువన్ అను వేదిక ద్వారా అందుబాటులో నుంచినది.

అంకెలు చేతికి వచ్చిన పిమ్మట కంప్యూటరు వానినుండి పెక్కు సంగతులను రాబట్టును. వాలు ఎంత, అది ఏ దిక్కునకు, వాననీరు ఏ దారిన పోవును, ఒకచోట నిలిచినవానికి ఎంతమేర కనబడును, తక్కువ శ్రమతో కొండ దాటుటకు త్రోవ ఏది - ఇవన్నియు లెక్కకు లొంగును. చెరిగిపోయిన శాసనమును చదువువారు దీపమును ప్రక్కగా పట్టి, అక్షరముల నీడలనుబట్టి పోల్చుకొందురు. కంప్యూటరును పటముపై కల్పిత సూర్యుని ఏటవాలుగా నిలిపి, కంటికి ఆనని మిట్టలను నీడలతో బయటపెట్టును.

దట్టమైన అడవులలో ఈ పనిని లేజర్ కిరణము చేయును. విమానమునుండి వదలిన వెలుగు తునుకలలో కొన్ని ఆకుల సందులగుండా నేలను తాకి తిరిగి వచ్చును. పోయి వచ్చిన కాలమునుబట్టి దూరము తెలియును. 2009లో మధ్య అమెరికా యందలి బెలీజ్ దేశమున కారకోల్ అను మాయా నగరమును, 2012లో కాంబోడియాలోని ఆంగ్కోర్ పరిసరములను ఇట్లు కొలిచి, అడవి క్రింద మరుగుపడిన బాటలను, పొలముల మెట్లను, కాలువలను పటమున కెక్కించిరి.

తెలుగునాట ఇట్టి ప్రశ్నలకు తావైన స్థలములు అనేకములు. నారాయణపేట జిల్లాలో కృష్ణాతీరమున ముడుమాల్ నిలువురాళ్లు కలవు. హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులు కె.పి. రావు ఆ రాళ్ల వరుసలకును సూర్యుని గమనమునకును సంబంధము కలదని ప్రతిపాదించిరి. అట్టి ప్రతిపాదనను పరీక్షించుటకు ప్రతి రాతి స్థానము, దాని ఎదుటి దిగంతపు ఎత్తు సరిగా తెలియవలెను. 2025 మార్చిలో ముడుమాల్ యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరెను; ఛత్తీస్‌గఢ్‌లోని కాంగేర్ లోయ జాతీయవనమును అప్పుడే చేరెను. ముడుమాల్ జిల్లాలోనే ఉట్నూరు బూడిద దిబ్బ కలదు. 1957లో రేమండ్ ఆల్చిన్ దానిని త్రవ్వి, అది నవీన శిలాయుగపు పశుపాలకుల దొడ్డియని, పేడ కాలి కాలి ఆ దిబ్బ ఏర్పడెనని చూపెను. దొడ్డికి నీరు, మేత, దారి కావలెను. ఆ మూడును నేల వాలునుబట్టి యుండునవే.

అయినను ఈ సాధనమునకు హద్దులు కలవు. 30 మీటర్ల గడి తొమ్మిదివందల చదరపు మీటర్ల నేలకు ఒకే ఎత్తును చెప్పును. అందులో మనిషియెత్తు రాయి లెక్కకు రాదు. కనుక కర్కాభాట్ వంటి చోట ఉపగ్రహ పటము పరిసరములను మాత్రము తెలుపగలదు. ఒక్కొక్క రాతిని కొలుచుటకు డ్రోన్ చిత్రములో, నేలపై నడచు సర్వేయరో కావలెను. రాడార్ కొన్ని తావుల చెట్ల తలలనే నేలగా భ్రమించును. అంతకు మించినది కాలభేదము. యంత్రము కొలుచునది నేటి నేలను. ఆదిమానవుడు నడచిన నేల దాని అడుగున నుండవచ్చును. నంద్యాల జిల్లా జ్వాలాపురమున దాదాపు 74 వేల ఏండ్ల క్రిందట సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతము చిమ్మిన బూడిద కొన్ని చోట్ల రెండు మీటర్లకు మించిన మందమున నున్నది. ఆ పొరకు క్రిందను పైనను రాతి పనిముట్లు దొరకినవని మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ ప్రభృతులు 2007లో ప్రకటించిరి. వానిని చేసినవారు ఎట్టి మానవులన్న వాదము పిదప సాగెను. ఆ పొరలను త్రవ్వకము చూపగలదే కాని ఉపగ్రహము చూపలేదు. పటము ఎచట వెదకవలెనో చెప్పును, ఎప్పటిదో చెప్పదు.

మరి దీని అవసరమేమి? నేల నిలుకడ గలది కాదు గనుక. జ్వాలాపురము బూడిదను జనులు పొడిగా అమ్ముకొనుటకై త్రవ్వుకొనిరి. ఆ గుంటలే శాస్త్రజ్ఞులకు పొరలను చూపెను, ఆ గుంటలే సాక్ష్యమును హరించెను. పెద్దరాళ్లను గోడలకు, బాటలకు పగులగొట్టుట, దిబ్బలను చదును చేసి దున్నుట తెలుగునాటను ఇతరత్రను చిరకాలముగా జరిగినదే. ఇందు దుర్బుద్ధి లేదు. అది ఏమో తెలియకపోవుటయే కారణము.

భిలాయి ఒడంబడిక జరిగిన 1955వ సంవత్సరముననే, డిసెంబరు 10వ తేదీన, నాగార్జునసాగరమునకు పండిత నెహ్రూ శంకుస్థాపన గావించిరి. మునుగనున్న నాగార్జునకొండ లోయలో 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యమున త్రవ్వకములు సాగెను. రాతియుగపు పనిముట్లు మొదలు ఇక్ష్వాకుల కట్టడముల వరకు బయటపడెను. కొన్ని నిర్మాణములను ఎత్తైన చోటికి తరలించి తిరిగి కట్టిరి. లోయ మునిగెను. నేడు ఆ లోయ నేలను ఏ ఉపగ్రహమును చూడజాలదు. కాని జలాశయమునకై, త్రవ్వకములకై ఆనాటి సర్వేయర్లు ఎండలో తిరిగి వ్రాసిన కాగితపు పటములలోని రేఖలను కంప్యూటరునకు ఎక్కించినచో, మునిగిన లోయ ఎత్తుపల్లములు మరల అంకెలలో నిలువగలవు. కొలిచి యుంచినది నీటి క్రింద నున్నను పోలేదు.

ఉక్కు కావలెను, దానికి రాయి త్రవ్వకతప్పదు. నీరు కావలెను, దానికి లోయ ముంచకతప్పదు. ఆ పనులకు ముందు నేలను కొలిచి యుంచుట నాగార్జునకొండ నేర్పిన మర్యాద. ఆనాడు దానికి ఏండ్లు పట్టెను. నేడు ఒక డ్రోన్ కొన్ని దినములలో ఒక సమాధి క్షేత్రమును సెంటీమీటర్ల మేర పటముగా చేయగలదు. పని తేలికైన కొలది దానిని చేయకుండుటకు సాకు తగ్గును. దల్లీ-రాజ్‌హరా ఇనుమున్న జిల్లాలోనే ఇనుపయుగపు రాళ్లును నిలిచియున్నవి. ఒకదాని విలువ టన్నులలో లెక్కకు వచ్చినది. రెండవదాని లెక్క, ఒక్కొక్క రాతి స్థానముతో ఎత్తుతో సహా, అవి నిలిచి యుండగనే వ్రాయదగినది.