మెల్‌బోర్న్ సందులు: రంగులు చివర్లో వచ్చాయి

నగరం నడిబొడ్డున ఉన్న పాత సందుల్ని బాగుచేద్దాం అని ఎక్కడ ఎవరనుకున్నా, వాళ్ళ ప్రెజెంటేషన్లో రెండో స్లైడు మెల్‌బోర్న్ ఫోటోయే. హోసియర్ లేన్ గోడల నిండా రంగులు, డీగ్రేవ్స్ స్ట్రీట్లో గొడుగుల కింద కాఫీలు. మూడో స్లైడులో బడ్జెట్టు: ఇన్ని లీటర్ల పెయింటు, ఇన్ని లైట్లు, ఇన్ని పూలకుండీలు. నాకు పేచీ ఇక్కడే. మెల్‌బోర్న్‌లో జరిగింది ఆ వరసలో కాదు. అక్కడ రంగులు చివర్లో వచ్చాయి. అవి కూడా చాలామటుకు దొంగతనంగా, రాత్రిపూట వచ్చాయి. అంతకు ముందు నూట యాభై ఏళ్ళ కథ ఉంది, దాన్ని ఎవరూ స్లైడులో పెట్టరు.

1837లో రాబర్ట్ హాడిల్ అనే సర్వేయరు యారా నది ఒడ్డున గళ్ళకాగితం లాంటి ప్లాను గీశాడు. పెద్ద వీధులు 99 అడుగుల వెడల్పు ఉండాలన్నాడు. గవర్నర్ రిచర్డ్ బర్క్‌కి అది మరీ ఎక్కువనిపించింది. పైగా ప్లాట్లకి వెనకవైపు కూడా దారులుండాలని ఆయన పట్టు. చివరికి రాజీ కుదిరింది. పెద్ద వీధులు 99 అడుగులే, వాటి మధ్య 33 అడుగుల చిన్న వీధులు. అందుకే ఇప్పటికీ అక్కడ కాలిన్స్ స్ట్రీట్ పక్కన లిటిల్ కాలిన్స్ స్ట్రీట్, లాన్స్‌డేల్ పక్కన లిటిల్ లాన్స్‌డేల్ ఉంటాయి. ఆ ఏడాది జూన్ 1న భూముల తొలి వేలం జరిగింది. వేలం పాడించింది హాడిలే, అందులో రెండు ప్లాట్లు కొనుక్కున్నదీ హాడిలే. మన రియల్ ఎస్టేటు వాళ్ళు వింటే గురుపూజ చేస్తారు :)

ఇక్కడ గమనించాల్సిందేంటంటే, మనం ఇవాళ ఫోటోలు తీసుకునే సందులు చాలావరకు ఆ ప్లానులో లేవు. ఒక్కో ప్లాటు సుమారు అరెకరం. కొన్నవాళ్ళు దాన్ని ముక్కలు చేసి అమ్ముకున్నారు. లోపలి ముక్కకి దారి కావాలి కాబట్టి మధ్యలో సందు వదిలారు. 1851లో విక్టోరియాలో బంగారం దొరికింది, జనం ఓడల కొద్దీ దిగారు, ముక్కలు ఇంకా చిన్నవయ్యాయి, సందులు ఇంకా పెరిగాయి. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే డిజైను డాక్యుమెంటులో లేకుండా, అవసరం కొద్దీ ఎవరికి వాళ్ళు పెట్టుకున్న ప్యాచ్‌లు ఇవన్నీ.

ఆ సందుల అసలు ఉద్యోగం సరుకు మొయ్యడం, చెత్త ఎత్తడం, ఇంకోటి చెప్పడానికి ఎవరూ ఇష్టపడనిది. మెల్‌బోర్న్‌లో భూగర్భ మురుగు కాలవలకి ఇళ్ళని కలపడం 1897లో గానీ మొదలవలేదు. అంతదాకా రాత్రిపూట బళ్ళు వెనక సందుల్లోకి వచ్చి దొడ్లలోంచి మలం ఎత్తుకెళ్ళేవి. ఊరికి 'స్మెల్‌బోర్న్' అని పేరు పెట్టి వెక్కిరించేవాళ్ళు. మన పాత పట్నాల్లోనూ ఇళ్ళ వెనక సన్నటి సందులు ఎందుకుండేవో, అందులోంచి ఎవరు నెత్తిన గంప పెట్టుకుని నడిచేవాళ్ళో మన తాతల్ని అడిగితే చెప్తారు. అడిగితేనే చెప్తారు. అక్కడైనా ఇక్కడైనా ఇంటి ముందువైపు గొప్పకి, వెనకవైపు పనికి. ఆ పని చేసేవాళ్ళు ముందువైపుకి రాకూడదు.

అలాంటి వెనకవైపులన్నిట్లోకీ పేరుమోసింది లిటిల్ లాన్స్‌డేల్ చుట్టుపక్కల పేట, ముద్దుగా 'లిటిల్ లాన్'. పత్రికలు, పాదిరీలు దాన్ని పాపకూపమనే రాశారు. వేశ్యావాటికలు ఉన్నమాట నిజమే. కానీ చైనా వడ్రంగులు, లెబనాన్ వైపు నుంచి వచ్చిన వర్తకులు, మన దేశం నుంచి వెళ్ళి ఊరూరా తిరిగి బట్టలు అమ్ముకునేవాళ్ళు, కూలి చేసుకుని పిల్లల్ని పెంచుకునే ఐరిష్ కుటుంబాలు, వీళ్ళంతా ఉన్నదీ అక్కడే. 1948లో ఫెడరల్ ప్రభుత్వం ఆ బ్లాకుని స్వాధీనం చేసుకుని, కూలగొట్టించి, 1950లలో పెద్ద ఆఫీసు కట్టింది. ఆ కట్టడం రంగు చూసి జనం పెట్టిన పేరు 'గ్రీన్ లెట్రిన్', అంటే పచ్చ మరుగుదొడ్డి. చరిత్రకి హాస్యం బాగానే తెలుసు.

1980ల చివర్లో, మళ్ళీ 2000ల మొదట్లో అక్కడ పురావస్తు తవ్వకాలు జరిగాయి. పాపకూపంలో దొరికినవేంటయ్యా అంటే పూలు వేసిన పింగాణీ పళ్ళాలు, పిల్లల బొమ్మలు, గోలీలు, గుండీలు. మామూలు సంసారాల సామాను. 'స్లమ్' అన్నది ఆ పేట అసలు స్వరూపం కంటే, దాన్ని బయటినుంచి చూసినవాళ్ళ ఊహే ఎక్కువని అలన్ మేన్, టిమ్ మర్రే వంటి పరిశోధకులు వాదించారు. కూలగొట్టేముందు ఒక పేటకి చెడ్డపేరు పెట్టడం ఎంత ముఖ్యమో హైదరాబాదు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో కార్లొచ్చాయి, జనం శివార్లకి పోయారు. నగరం మధ్యలో ఆఫీసులు మాత్రం మిగిలాయి. సాయంత్రం ఐదున్నర దాటితే కుక్క కూడా ఉండేది కాదంటారు. 1960లు, 70లలో పక్కపక్క ప్లాట్లు కలిపేసి టవర్లు లేపారు. మధ్యలో అడ్డొచ్చిన సందుల్ని మూసేశారు. మిగిలినవి ఎందుకు మిగిలాయంటే ఎవరో కాపాడి కాదు. యజమానులు మరీ ఎక్కువమంది, ముక్కలు మరీ చిన్నవి, బేరం కుదరలేదు. నిర్లక్ష్యమే కాపాడింది.

ఇక మార్పు సంగతి. 1985లో నగరపాలక సంస్థ ఒక ప్రణాళిక వేసుకుంది. పదిహేనేళ్ళలో నగరం మధ్యలో 8,000 కొత్త ఇళ్ళు రావాలి. అప్పటికి ఉన్నవి సుమారు 650. వినడానికి పగటికలే. కానీ 1990ల మొదట్లో రియల్ ఎస్టేటు కుప్పకూలి ఆఫీసులు ఖాళీ అయ్యాయి, కలకి దారి దొరికింది. 1992లో 'పోస్ట్‌కోడ్ 3000' అని పథకం పెట్టి, ఖాళీ ఆఫీసుల్ని, గోడౌన్లని ఇళ్ళుగా మార్చుకునేవాళ్ళకి ఫీజుల్లో తగ్గింపు, సాంకేతిక సలహా ఇచ్చారు. వీధుల్లో చెట్లు నాటారు, కాలిబాటలకి బ్లూస్టోన్ పరిచారు. కొత్త భవనాలు నేలమట్టంలో గుడ్డిగోడలు పెట్టకుండా కిటికీలు, గుమ్మాలు వీధివైపు తెరవాలని పట్టుబట్టారు. దీనంతటి వెనకా రాబ్ ఆడమ్స్ అనే ఆర్కిటెక్టు ఉన్నాడు. 1980లలో నగరపాలక సంస్థలో చేరి దశాబ్దాల తరబడి అదే కుర్చీలో ఉన్నాడు. మన దగ్గర మున్సిపల్ కమిషనరు ఎన్నాళ్ళుంటాడో గుర్తుచేసుకుని ఈ వాక్యం ఇంకోసారి చదవండి.

రెండో కారణం మరీ చప్పగా ఉంటుంది: మద్యం లైసెన్సు. అంతకుముందు విక్టోరియాలో మందు అమ్మాలంటే పెద్ద హోటలన్నా ఉండాలి, భోజనమన్నా పెట్టాలి. 1987 చట్టంతో, ఆ తర్వాత 1990లలో చేసిన సవరణలతో చిన్న బారు పెట్టడం తేలికైంది. చిన్న బారుకి చిన్న అద్దె కావాలి. అంత తక్కువ అద్దె ఎక్కడ? వెనక సందులో. 1994లో సిక్స్ డిగ్రీస్ అనే ఆర్కిటెక్టుల బృందం మేయర్స్ ప్లేస్ అనే సందులో ఒక బుల్లి బారు తెరిచింది. బయట బోర్డు గురించి ఎవరూ పట్టించుకోలేదు, తెలిసినవాళ్ళే వచ్చారు. దాని వెనకే మరికొన్ని. వెలుతురు ముందు అలా వచ్చింది సందుల్లోకి, స్తంభాల నుంచి కాదు, లోపల మనుషులున్న కిటికీల్లోంచి.

డెన్మార్క్ ఆర్కిటెక్టు యాన్ గేల్ బృందం నగరపాలక సంస్థతో కలిసి 1994లో ఒకసారి, 2004లో ఒకసారి లెక్కలు తీసింది. 1993లో ఆరుబయట కుర్చీలు వేసిన కెఫేలు 95. 2004కి 356. జనం నడవడానికి పనికొచ్చే సందుల పొడవు అదే కాలంలో 300 మీటర్ల నుంచి మూడు కిలోమీటర్లు దాటింది. ఈ అంకెల్లో పెయింటు డబ్బా ఒక్కటి కూడా లేదు.

మరి బొమ్మలో? 1996లో 'సిటీలైట్స్' అని కొందరు కళాకారులు హోసియర్ లేన్‌లోనూ సెంటర్ ప్లేస్‌లోనూ గోడలకి దీపాల పెట్టెలు బిగించి వాటిలో చిత్రాలు మార్చుతూ వచ్చారు. 2001లో నగరపాలక సంస్థ 'లేన్‌వే కమిషన్స్' పేరుతో ఏటా సందుల్లో తాత్కాలిక కళకి డబ్బివ్వడం మొదలుపెట్టింది. మరోపక్క స్టెన్సిల్ కుర్రాళ్ళు ఎవరి డబ్బూ అడగకుండా గోడలెక్కేశారు. ప్రభుత్వానికి వీళ్ళతో ఏం చెయ్యాలో ఎప్పటికీ తేలలేదు. 2004లో కార్పొరేషన్ లేన్‌కి రాక్ బృందం పేరుమీద ఏసీడీసీ లేన్ అని పేరు మార్చారు. 2006 కామన్వెల్త్ క్రీడలకి అతిథులొస్తారని గోడలు కడిగించారు. 2007లో పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకి స్ప్రే డబ్బాలు అమ్మకూడదని చట్టం చేశారు. 2008లో ఫ్లోరిడాలో డిస్నీ వాళ్ళ దగ్గర పర్యాటక ప్రచారానికి మెల్‌బోర్న్ సందు నమూనాని, గ్రాఫిటీతో సహా, కట్టారు. అది చూసి రాష్ట్ర ప్రీమియర్ జాన్ బ్రంబీ చిరాకుపడ్డాడు. ఇంటికొచ్చిన చుట్టానికి చూపించడానికి కావాలి, ఇంట్లో మాత్రం ఉండకూడదు.

బ్యాంక్సీ కథ ఇంకా తమాషా. 2003లో ఆయన ఆ ఊళ్ళో కొన్ని స్టెన్సిళ్ళు వేసిపోయాడు. వాటిల్లో ఒకదానికి 2008లో పారదర్శకమైన ప్లాస్టిక్ పలక బిగించి కాపాడబోయారు. ఎవరో పలక వెనకనుంచి వెండిరంగు పోసి పాడుచేశారు. 2010లో హోసియర్ లేన్‌లో ఉన్న పారాచూట్ ఎలుకని శుభ్రం చెయ్యడానికొచ్చిన మున్సిపల్ పనివాళ్ళే తెల్లగా కొట్టేశారు. చెప్పిన పని చేశారు పాపం, వాళ్ళ తప్పేముంది? ఆ గోడ మీద ఏది చెత్తో ఏది ఆస్తో చెప్పేవాడు వాళ్ళతో రాలేదు.

పచ్చదనం ఇంకా ఆలస్యంగా వచ్చింది. 2015 తర్వాత 'గ్రీన్ యువర్ లేన్‌వే' పేరుతో నాలుగు సందుల్ని ఎంచుకున్నారు: మేయర్స్ ప్లేస్, కోరమాండల్ ప్లేస్, గిల్డ్‌ఫర్డ్ లేన్, క్యాథరిన్ ప్లేస్. (ఆ కోరమాండల్ మన తీరం పేరే.) సందులో మొక్క పెంచడం కష్టం. ఎండ రోజులో ఏ కాసేపో పడుతుంది, కింద పైపులు, మధ్యలో చెత్తబండి రావాలి. అందుకే చాలాచోట్ల కుండీలు, గోడకి పాకే తీగలే దిక్కు. గిల్డ్‌ఫర్డ్ లేన్ బాగుండటానికి కారణం పాత గోడౌన్లలో కాపురముంటున్నవాళ్ళు వాటికి నీళ్ళు పోయడమే. పోసే చెయ్యి లేకపోతే రెండో వేసవికి కుండీలో సిగరెట్ పీకలే మిగుల్తాయి.

సిడ్నీ వాళ్ళు ఈ వరసని కొంత సరిగ్గా చదివారు. ఏంజెల్ ప్లేస్ అనే సందుపైన పంజరాలు వేలాడదీసి, ఒకప్పుడు ఆ చోట వినిపించిన యాభై రకాల పక్షుల కూతల్ని వినిపించే ఏర్పాటు చేశారు. చాలా అందమైన పని. కానీ దానికి ముందు, 2007లో, మెల్‌బోర్న్‌ని చూసి చిన్న బార్లకి లైసెన్సు చట్టం మార్చుకున్నారు.

కెలడోనియన్ లేన్ సంగతి కూడా చెప్పాలి. 2000ల మధ్యలో ఆ ఇరుకు సందులో సెయింట్ జెరోమ్స్ అనే బారు వాళ్ళు 'లేన్‌వే ఫెస్టివల్' అని పాటల పండగ మొదలుపెట్టారు. జనం పెరిగారు, ఇతర నగరాలకీ పాకింది. సందుల వల్ల ఆ ప్రాంతానికి వచ్చిన గిరాకీని చూసి పెట్టుబడీ వచ్చింది. పెద్ద షాపింగ్ కాంప్లెక్సుకి సరుకు లారీలు తిరగడానికి సందు వెడల్పు చెయ్యాల్సొచ్చి, పక్కనున్న లాన్స్‌డేల్ హౌస్ అనే ఆర్ట్ డెకో భవనాన్ని కూలగొట్టారు. కాంప్లెక్సు 2014లో తెరుచుకుంది. పండగ 2010కే ఆ చోటు వదిలి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి విశాలమైన చోట్లు వెతుక్కుంటోంది, పేరు మాత్రం లేన్‌వే ఫెస్టివలే.