ఆసుపత్రి నుండి ఇంటి గడపకు: జాంబియా సంఘాల గృహ పరిచర్య – ఒక చారిత్రక పరిశీలన

రోగులను దర్శించడం సంఘానికి అప్పగింపబడిన ప్రాచీన పరిచర్య (మత్తయి 25:36, యాకోబు 5:14). అయితే మిషనరీ యుగంలో రోగి సంరక్షణ చాలావరకు మిషను ఆసుపత్రుల పని అయింది. ప్రార్థన సంఘం పని అయింది. ఈ విభజన ఎయిడ్స్ కాలంలో ఏ విధంగా చెదిరిపోయిందో జాంబియా అనుభవం నుండి పరిశీలిద్దాం.

దక్షిణ జాంబియాలోని చికాన్‌కాటాలో రక్షణ సైన్యం వారి ఆసుపత్రి ఉంది. 1980ల మధ్యలో అక్కడికి ఎయిడ్స్ రోగులు రాసాగారు. నయం చేసే మందు లేదు. చాలామంది తమ ఇంటనే ఉండగోరారు. అందుచేత 1987లో డా. ఇయాన్ కాంప్‌బెల్ నాయకత్వంలో ఆసుపత్రి బృందాలు గ్రామాలకు బయలుదేరాయి. అదే సంవత్సరం అధ్యక్షుడు కెన్నెత్ కౌండా తన కుమారుడు ఎయిడ్స్‌తో మరణించాడని బహిరంగంగా ప్రకటించారు. చాలా కుటుంబాలు వ్యాధి పేరు పలకడానికే భయపడిన దినాలవి.

బృందం రోగి మంచం ప్రక్కన కూర్చున్నప్పుడు బంధువులు, పొరుగువారు వచ్చి చేరేవారు. సంభాషణ రోగి నుండి కుటుంబానికి, కుటుంబం నుండి గ్రామానికి విస్తరించింది. భర్త మరణించిన స్త్రీ అతని బంధువుతో శయనించి 'శుద్ధి' పొందాలనే ఆచారాన్ని గ్రామ పెద్దలే చర్చించి మార్చడానికి పూనుకున్నారు. బయటివారి ఉపదేశంకంటె తమలో తాము చేసిన ఆలోచన బలంగా పనిచేసింది.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. వాహనం, దూరప్రయాణం ఖర్చును పెంచాయి. సిబ్బంది సమయంలో ఎక్కువ భాగం దారిలోనే గడిచేది. ఉత్తరాన రాగిగనుల ప్రాంతంలో ఎన్‌డోలా కథోలిక మేత్రాసనం 1990లలో వేరొక మార్గం అనుసరించింది. రాగి ధరలు పడిపోయి ఉపాధి కరవైన పేటలలో, ఆ పేటలవారే స్వచ్ఛంద సేవకులుగా శిక్షణ పొందారు. వారు రోగికి స్నానం చేయించి, పుండ్లు కడిగి, క్షయ మందులు మ్రింగించేవారు. నర్సు వారికి అండగా ఉండేది. 1999లో ప్రచురితమైన 'అండర్ ది ముపుండు ట్రీ' అనే గ్రంథం వీరి సేవను వివరిస్తుంది.

అయితే ఈ చరిత్రను కేవలం స్తుతితో ముగించలేము. ఈ సేవకులలో అత్యధికులు స్త్రీలు, తామే పేదలు. జీతం లేని వారి శ్రమపై ఈ వ్యవస్థ నిలిచింది. 'సేవ' అనే మాటతో వారి ఆకలిని కప్పివేయడం సువార్తకు తగదు.

2000ల మధ్య నుండి ఉచిత ఏ.ఆర్.టి. మందులు విస్తరించడంతో మరణానికి తోడుగా ఉండే పరిచర్య క్రమేణ జీవితానికి తోడుగా మారింది. మన దేశంలో ఉచిత ఏ.ఆర్.టి. 2004 ఏప్రిల్ 1న ప్రారంభమైంది. మొదట ఎంపికైన ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నేడు మన పేటలలో క్యాన్సరుతో, పక్షవాతంతో, ఉద్దానం పల్లెలలో మూత్రపిండాల వ్యాధితో మంచం పట్టినవారున్నారు.

పక్షవాయువు గలవానిని మోసినవారు నలుగురు (మార్కు 2:3). మంచానికి నాలుగు మూలలున్నట్లే ఈ పరిచర్యకు కుటుంబం, పొరుగువారు, సంఘం, వైద్యులు అవసరం. కాపరి దర్శించి ప్రార్థించి వెళ్ళిన తరువాత ఆ రాత్రి రోగిని ప్రక్కకు త్రిప్పేది ఎవరు, ఆమెకు విశ్రాంతి ఇచ్చేది ఎవరు అని మన సంఘాలు విచారించవలసి ఉంది.