అడవి కంద పేరు ఎవరిది?

గోదావరి జిల్లాల పెళ్ళి భోజనంలో కంద బచ్చలి కూరకు పెద్దపీట. ఏలూరు, తాడేపల్లిగూడెం మార్కెట్లలో అమ్మే ఆ కంద తోటల్లో పండినది. ఏజెన్సీ అడవుల్లో దానంతటదే మొలిచే కందను మనవాళ్ళు అడవి కంద అంటారు. కొల్లేటి నీళ్ళ మీద తేలే అంతర తామర కూడా ఈ కందలకు చుట్టమేనంటే మా బడి పిల్లలు నమ్మరు. పువ్వు చూపించాలి. మధ్యన కంకి, దాని చుట్టూ పాళ. కందలో ఇది రెండు చేతులకూ నిండుగా ఉంటుంది, అంతర తామరలో వెతికితేగాని కనపడదు. చేమదీ ఇదే పోలిక. అందుకే శాస్త్రజ్ఞులు వీటన్నిటినీ ఏరేసీ కుటుంబంలో చేర్చారు.

1753లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ప్రతి మొక్కకూ రెండు మాటల పేరు పెట్టే పద్ధతి స్థిరపరిచాడు. ఒక మాట ప్రజాతిని, రెండోది అందులోని జాతిని చెబుతుంది. కంద, అడవి కంద అని మనం విడదీసి చెప్పడం కూడా దాదాపు ఇలాంటిదే.

గోదావరి అవతల సామర్లకోటలో 1781 నుంచి విలియం రాక్స్‌బర్గ్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు మొక్కల తోట పెంచాడు. 1793లో కలకత్తా వెళ్ళేదాకా ఈ ప్రాంతపు మొక్కలను పరిశీలించాడు. స్థానిక చిత్రకారులతో బొమ్మలు గీయించాడు, తెలుగు పేర్లు రాసుకున్నాడు. సోమిద చెట్టు పేరు అలాగే శాస్త్రంలోకి వెళ్ళి సోయిమిడా అయింది. అడవిలో దొరికే ఒక కందకు ఆయన ఏరమ్ సిల్వాటికమ్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో సిల్వాటికమ్ అంటే అడవిది. 1841లో కుంత్ దాన్ని అమార్ఫోఫాలస్ ప్రజాతిలోకి మార్చాడు. ప్రజాతి మారినా అడవి అనే మాట మాత్రం పోలేదు.

తోట కందకు రాక్స్‌బర్గ్ పెట్టిన పేరు నిలవలేదు. గంట ఆకారం గలదనే అర్థంలో ఆయన పెట్టిన కాంపాన్యులేటమ్ 1820లో అచ్చయింది. కానీ 1818లోనే డెన్‌స్టెట్ అదే మొక్కకు పియోనిఫోలియమ్ అని పేరు పెట్టి అచ్చువేశాడు. ముందు అచ్చయిన పేరే చెల్లాలన్నది నియమం. అందువల్ల 1977లో నికల్సన్ ఆ పాత పేరునే అమార్ఫోఫాలస్ కింద నిలబెట్టాడు. రెండేళ్ళ తేడా అంత పని చేసింది.

డెన్‌స్టెట్‌కు ఆధారం కేరళ మొక్కల మీద డచ్చివాళ్ళు తెచ్చిన హోర్టస్ మలబారికస్. 1678లో వచ్చిన దాని మొదటి సంపుటంలో ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడి వాంగ్మూలం ఆయన పేరుతోనే ఉంది. మొక్క గురించి చెప్పిన మనిషికీ కాగితం మీద చోటు ఇవ్వవచ్చని మూడు వందల ఏళ్ళ కిందటే రుజువైంది.

మన దుంపల సంగతి ఇంకా పెద్దల నోళ్ళలోనే ఉంది. యువతా, తోటి ఉపాధ్యాయులారా, మీ ఊళ్ళో దుంపలు తవ్వే అవ్వనో తాతనో అడగండి. కోయ మాటలో పేరేమిటి, ఏ నెలలో తవ్వుతారు, దురద ఎలా పోగొడతారు, ఏది తినకూడదు, అన్నీ రాయండి. తేదీ, ఊరు వేయండి. వాళ్ళు ఒప్పుకుంటే చెప్పినవారి పేరు కూడా రాయండి. ముందు రాసిన మాటకు ఎంత బలమో తోట కందే చెబుతోంది.