కంటిలోకి తొంగి చూసిన అద్దం

దీపావళి సంచికకి ఏదైనా రాయమని మన సంపాదకులు అడిగితే, "దీపాల పండగ కదా, వెలుగు గురించి రాస్తాను లెండి" అని ఒప్పేసుకున్నాను. నేను కంటి డాక్టర్ని, కథలూ కవితలూ నా చేత కావు. ఏం రాయాలా అని ఆలోచిస్తూ ఇంట్లో పాత ఆల్బములు తిరగేస్తుంటే విషయం దానంతటదే దొరికింది. సుమారు ఇరవై ఏళ్ళ కిందటి మన పండగ ఫోటోల్లో సగం మంది కళ్ళు నిప్పుకణికల్లా ఎర్రగా మెరుస్తున్నాయి. పట్టుచీరలూ లాల్చీలతో ఎంతో మర్యాదగా నిలబడ్డాం గానీ, చూడ్డానికి మాత్రం నరకాసురుడి బంధువర్గంలా ఉన్నాం!

ఆ ఎరుపు కెమెరా తప్పు కాదు. అది మన కంటి లోపలి గోడ రంగు. రోజూ నల్లగా కనబడే కనుపాప ఫోటోలో ఎందుకు ఎర్రబడిందో పూర్తిగా అర్థం కావడానికి పండితులకి దాదాపు నూట యాభై ఏళ్ళు పట్టింది.

1704లో పారిస్‌లో మెరీ అనే శరీరశాస్త్రజ్ఞుడు ఒక పిల్లిని నీళ్ళలో ముంచాడు. (ఈ రోజుల్లో అయితే జైల్లో పెడతారు.) నీళ్ళలోంచి చూస్తే పిల్లి కంటి లోపలి రక్తనాళాలు స్పష్టంగా కనబడ్డాయి! అయిదేళ్ళ తరవాత ల హీర్ అనే ఆయన కారణం చెప్పాడు. గాలిలోంచి కంటిలోకి పోయేటప్పుడు వెలుగు కంటి ముందుపొర దగ్గర బాగా వంగుతుంది. నీళ్ళలో ఉంటే ఆ వక్రీభవనం దాదాపు పోతుంది. అందుకని లోపలినుంచి వచ్చే కిరణాలు ఒకేచోటికి పోకుండా విచ్చుకుని బయటికొస్తాయి, పక్కనున్నవాడికి కూడా కనబడతాయి. ఆ మాటలో అసలు రహస్యమంతా ఉంది గానీ ఎవరూ పట్టించుకోలేదు. కంటిలోకి పోయిన వెలుగంతా లోపలే ఇంకిపోతుంది కాబట్టి కనుపాప నలుపు అన్న మాటే చాలాకాలం చెలామణీ అయింది.

నిజానికి వెలుగు తిరిగొస్తుంది. దీపం నుంచి బయల్దేరిన కిరణాలు కంటి కటకంలో వంగి, వెనక రెటీనా మీద ఒకచోట చేరతాయి. అక్కడ కొంత వెలుగు పరావర్తనం చెంది, వచ్చిన దారినే మళ్ళీ కటకంలోంచి వంగి, సరిగ్గా ఆ దీపం దగ్గరికే పోతుంది. దాన్ని చూడాలంటే మన కన్ను దీపం ఉన్నచోటే ఉండాలి. తల అక్కడ పెడితే దీపానికి అడ్డం వస్తుంది! చిక్కంతా ఇదే. పాత కెమెరాల్లో ఫ్లాషు బల్బు లెన్సుని ఆనుకుని ఉండేది కాబట్టి, తిరిగొచ్చిన వెలుగులో కొంత లెన్సులో పడి ఆ ఎరుపు ఫోటోకెక్కింది. (మాటల్లో మాట. పిల్లల ఫోటోలో ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా వస్తే నవ్వుకుని ఊరుకోకండి, వెంటనే డాక్టరుకి చూపించండి.)

ఈ చిక్కు విప్పినవాళ్ళు ఇద్దరు. మన కంప్యూటర్ ఇంజనీర్లు పితామహుడిగా కొలిచే చార్లెస్ బాబేజ్ 1847లో ఒక గొట్టంలో అద్దం ముక్క ఏటవాలుగా బిగించి, మధ్యలో రెండు మూడు చోట్ల పూత గీకి, ఆ సందుల్లోంచి చూసే సాధనం చేశాడు. లండన్‌లో పేరున్న కంటి వైద్యుడు వార్టన్ జోన్స్‌కి చూపిస్తే ఆయన దాని విలువ గ్రహించలేదు. ఆ సంగతి ఆయనే 1854లో రాశాడు. అప్పటికే కీర్తి వేరేవాళ్ళకి పోయింది.

ఆ రెండో ఆయన హెల్మ్‌హోల్ట్జ్. కోనిగ్స్‌బర్గ్‌లో శరీరధర్మశాస్త్రం చెప్పే 29 ఏళ్ళ ప్రొఫెసరు. 1850లో విద్యార్థులకి పాఠం సిద్ధం చేసుకుంటూ, కంటిలోంచి వచ్చే వెలుగు ఎక్కడికి పోతుందన్న ప్రశ్న వేసుకున్నాడు. అట్టముక్కలు, జిగురు, మైక్రోస్కోపుకి వాడే పల్చని గాజు పలకలు తీసుకున్నాడు. పలకల్ని ఏటవాలుగా నిలబెట్టి, దీపం పక్కన పెట్టాడు. గాజు మీద పడ్డ వెలుగులో కొంత పరావర్తనమై రోగి కంటిలోకి పోతుంది. అదే దారిన తిరిగొచ్చిన వెలుగులో కొంత గాజులోంచి దూసుకొచ్చి వైద్యుడి కంట్లో పడుతుంది. దగ్గరకి చేరే కిరణాల్ని సరిచెయ్యడానికి మధ్యలో ఒక పుటాకార కటకం. అంతే యంత్రం! ఇందుకు తను హైస్కూల్లో నేర్చుకున్న పాఠాలు తప్ప మరేమీ అక్కర్లేకపోయిందని వాళ్ళ నాన్నగారికి ఉత్తరం రాశాడు. ఆ నాన్నగారు స్కూలు మేష్టారు, ఎంత సంతోషించి ఉంటాడో! పతన కోణం, పరావర్తన కోణం అని మనం పదో తరగతిలో బట్టీ పట్టిన పాఠమే అది.

అందరూ నెత్తిన పెట్టుకోలేదు లెండి. జబ్బు కంటిలోకి అంత వెలుగు పంపడం ప్రమాదమని ఒక పెద్ద సర్జను, చూపు తక్కువున్న డాక్టర్లకి పనికొస్తుందేమో గానీ నా కళ్ళు బాగానే ఉన్నాయని ఇంకొకాయన అన్నారట. అయినా 1855 నాటికే వియన్నాలో యేగర్ అనే ఆయన ఈ అద్దంతోనే మధుమేహరోగి రెటీనా మీద మచ్చలు చూసి రాశాడు. 1940లు ముగిసే సరికి, గ్రహణం చూసి కళ్ళు కాల్చుకున్నవాళ్ళని గమనించిన మేయర్ ష్విక్‌రాత్ అనే జర్మన్ డాక్టరు అద్దాలతో ఎండని కంటిలోకి పంపి వైద్యం మొదలుపెట్టాడు. ఎండ పోయి జీనాన్ దీపం, తరవాత లేజరు వచ్చాయి. తీవ్రమైన మధుమేహ కంటిజబ్బులో లేజరు వల్ల చూపు పోయే ప్రమాదం సగానికి సగం తగ్గుతుందని 1976లో అమెరికాలో తేల్చారు.

ఈ తేదీలన్నీ నాకు కంఠతా రావడానికి కారణం మా నాయనమ్మ. ఆవిడకి ఇరవై ఏళ్ళు షుగరు. బియ్యంలో రాళ్ళు కనబడ్డం లేదంటే పక్క టౌనుకి తీసికెళ్ళారు. మూడుసార్లు కళ్ళజోడు మార్చారు. కటకాలు మార్చారు గానీ, లోపలికి అద్దం పట్టి ఎవరూ చూడలేదు. 1999లో నేను వైద్యకళాశాల నుంచి సెలవులకి వస్తూ, ఆఫ్తాల్మోస్కోపు అడిగి తెచ్చుకున్నాను, గొప్ప చూపించుకుందామని. సాయంత్రం వసారాలో పీట మీద కూర్చోబెట్టి చూశాను. కొత్తగా చేతికొచ్చిన విద్య, తంటాలు పడ్డాను. చివరికి కనబడింది. రెటీనా నిండా నెత్తుటి చుక్కలు, పసుపు మచ్చలు, పుస్తకంలో బొమ్మలాగే.

"ఏం కనబడుతోందిరా?" అంది.

"లోపలంతా ఎర్రగా ఉంది నాయనమ్మా," అన్నాను. "ఇంతకుముందు ఎవరైనా ఇలా చూశారా?"

"లేదురా, నువ్వే మొదలు."

హైదరాబాదు తీసికెళ్ళాం. లేజరు చేశారు గానీ ఆలస్యమైంది. ఒక కంటిలో కాస్త వెలుగు మిగిలింది.

ఇంగ్లండులో 12 ఏళ్ళు దాటిన షుగరు రోగులందరికీ రెటీనా ఫోటో కోసం ఉచితంగా పిలుపు వస్తుంది. ఆ ఉత్తరాలు మన ఇళ్ళలో పిజ్జా కాగితాల కింద పడి ఉండడం నేను కళ్ళారా చూశాను. ఈసారి పండగరోజు హాల్లో నా దగ్గర ఆఫ్తాల్మోస్కోపు ఉంటుంది. భోజనాల తరవాత పిల్లలు వచ్చి వాళ్ళ అమ్మానాన్నల కళ్ళలోకి తొంగి చూడొచ్చు. మొదటిసారికే కనబడకపోతే నిరాశపడొద్దు, హెల్మ్‌హోల్ట్జ్‌కే ఎనిమిది రోజులు పట్టిందట.