ఉలవచారు పుట్టుపూర్వోత్తరములు



ఉలవచారును గుఱించి మన గోదావరి మండలములలో అందఱును చెప్పుకొను కథ యొకటి కలదు. పూర్వము రైతు తన యెద్దులకు దాణాగా ఉలవలు ఉడికించెడివాడట. ఉడికిన గింజలను ఎద్దులకు పెట్టి, మిగిలిన ఎఱ్ఱని నీటిని పాఱబోయుటకు మనసొప్పక ఆ యింటి యిల్లాలు దానిలో ఇంత చింతపండు పిసికి పోపు వేసినదట. నాటినుండి అది మనుష్యుల విస్తరిలోనికి వచ్చినదట. కథ ముచ్చటగా నున్నది. పొదుపెఱిగిన యిల్లాలిని మెచ్చనివాడెవడు? కాని దీనిలో నొక చిన్నచూపు దాగియున్నది. ఎద్దు తినగా మిగిలినదానిని మనము తినుచున్నామనుటయే దీని భావము. పెండ్లిపందిటిలో ఉలవచారు వడ్డింపబోగా, "పశువుల దాణానీళ్లు మాకెందుకయ్యా" అని విస్తరిపై చేయి యడ్డము పెట్టిన పెద్దమనిషిని నేనెఱుగుదును. ఆయనకు నేనానాడు బదులు చెప్పలేదు, పంక్తిలో వాదము తగదు గనుక. నేడు చెప్పుచున్నాను: ఉలవను ముందు తిన్నవాడు మనిషి. ఎద్దు పిమ్మట పంక్తిలోనికి వచ్చినది.

మొదట మాటల సంగతి చూతము. పప్పుగింజలు ఉడికిన నీటిని మనము 'కట్టు' అందుము. పప్పుకట్టు, ఉలవకట్టు. ఆ కట్టునకు పులుపును ఉప్పును చేర్చి మరిగించినచో చారగును. పూర్వులు ఈ మాటను బండి ఱకారముతో 'చాఱు' అని వ్రాసిరి. తమిళులకు చాఱనగా పిండిన రసము, కన్నడిగులకు సాఱనగా మన చారువంటిదే. మూడు భాషలకును పుట్టింటి సొత్తయిన మాట యిది. సంస్కృతము నుండి తెచ్చుకొన్నది కాదు. దక్షిణదేశపు కుండలో ఈ పదార్థము ఎంత పాతదో ఈ మాటయే కొంత చెప్పుచున్నది.

అయితే మాటలతోనే తృప్తి పడనక్కఱలేదు. గింజలే దొరకినవి. మన డెల్టాలో కాదు. ఎండకు మాడు రాయలసీమలోను, దాని నంటియున్న బళ్ళారి ప్రాంతమునను. అచ్చట కొండల పాదముల చెంత పెద్ద పెద్ద బూడిద దిబ్బలు కలవు. రాక్షసుల చితాభస్మమని ఒకప్పుడు జనులు చెప్పుకొనిరి. పాలమూరు ప్రాంతపు ఉట్నూరులో అట్టి దిబ్బను 1957లో ఆల్చిన్ అను ఆంగ్ల పండితుడు త్రవ్వి చూచి, అవి నూతనశిలాయుగపు మనుష్యులు తమ ఆలమందలను కట్టిన దొడ్లనియు, ఏండ్ల తరబడి పేరుకొన్న పేడను వారు మరల మరల కాల్చుటచే ఏర్పడిన దిబ్బలనియు నిరూపించెను. ఆ కాలపు జనుల నివాసస్థలములైన బళ్ళారి సమీపపు సంగనకల్లులోను, కడపజిల్లా హనుమంతరావుపేటలోను మట్టిని నీటిలో కలిపి తేర్చి చూడగా మాడిన ఉలవగింజలు పైకి తేలినవి. వానితోపాటు పెసలు, చిఱుధాన్యములు. ఇవి సుమారు 4000 సంవత్సరముల నాటివి. ఫుల్లర్ అను శాస్త్రజ్ఞుడును, మనదేశపు పండితులు రవి కోరిశెట్టరు, వేంకటసుబ్బయ్య గార్లును ఈ పనిలో పాలుగొనిరి.

ఈ గింజలు దొరకిన చోటు గమనింపదగినది. మనుష్యులు కాపురమున్న చోట, పొయ్యి బూడిదతో కలిసి దొరకినవి. ఆ జనులు పశువులను ప్రాణముగా చూచుకొన్నవారే. ఆ పశువులు పచ్చికబీళ్లపై బ్రదికినవి. మనిషి పండించుకొన్న గింజ ముందుగా మనిషి కుండలోనికే పోయి యుండును. ఇది నా యూహయే యైనను, కఱవునేలపై పిడికెడు గింజలు పండించువాడు ముందు తన బిడ్డకు పెట్టునా, మేతకు పోగల ఎద్దునకు పెట్టునా? మీరే చెప్పుడు.

ఇక గ్రంథముల సాక్ష్యము. బృహదారణ్యకోపనిషత్తు ఆఱవ అధ్యాయమున మంథమను కర్మ చెప్పబడినది. దానికి పది గ్రామ్యధాన్యములు కావలెను. గ్రామ్యములనగా అడవిలో తమంత మొలచునవి గాక ఊరివారు దున్ని పండించునవి. వరి, యవలు, నువ్వులు, మినుములు మున్నగువానిని చెప్పి చివర 'ఖలకులములు' అని చెప్పిరి. వానికి శంకరభగవత్పాదులు కులత్థములని అర్థము వ్రాసిరి. కులత్థములనగా మన ఉలవలే. పెరుగు, తేనె, నేయి కలిపి హోమమునకు సిద్ధము చేయు ధాన్యములలో దీనికిని స్థానముండగా, దీనిని పశువుల గింజయని ఎట్లందుము?

దీనికంటెను నాకు ఇంపైనది పాణిని సాక్ష్యము. ఆయన క్రీస్తునకు పూర్వము నాల్గవ శతాబ్ది ప్రాంతపువాడని చరిత్రకారులు తలంతురు. అష్టాధ్యాయి నాల్గవ అధ్యాయము నాల్గవ పాదమున, ఒక పదార్థముతో 'సంస్కరింపబడిన' దనుటకు, అనగా దానిని చేర్చి రుచిగా వండినదనుటకు, ఏ ప్రత్యయము రావలెనో చెప్పుచు, కులత్థ శబ్దమునకు ప్రత్యేకముగా నొక సూత్రమే చేసెను. ఆ సూత్రముచేత 'కౌలత్థము' అను రూపము సిద్ధించును. ఉలవలతో వండినదని దాని యర్థము. ఆ సూత్రముననే, చివరి యక్షరమునకు ముందు కకారము గల మాటలను కూడ చేర్చెను. వ్యాఖ్యాతలు దానికి చూపిన ఉదాహరణ మేది? తైంతిడీకము! చింతపులుపుతో వండినదని మన పండితులు చెప్పు నర్థము. ఉలవయు చింతయు ఒక్క సూత్రమున ప్రక్కప్రక్కన కూర్చున్నవి. పాణిని మన ఉలవచారు త్రాగెనని నేననను; అట్లనుట పిల్లలాట. కాని ఉలవలతో వండిన వంటకము వ్యవహారమున లేనిదే వైయాకరణుడు దానికొక సూత్రము వ్యయము చేయడు. అర్ధమాత్ర తగ్గినచో పుత్రోత్సవమువలె సంతసించు జాతి వారిది.

వైద్యగ్రంథములలో యూషమను మాట కలదు. అది పప్పుధాన్యములను ఉడికించి తీసిన చారు. చరక సుశ్రుతులిరువురును కులత్థమును ఉష్ణవీర్యమనియు, కషాయరసమనియు, దగ్గు, ఎక్కిళ్లు, ఉబ్బసము, మొలలు గలవారికి పథ్యమనియు చెప్పిరి. మూత్రములో రాళ్లు కలవారికి ఉలవకట్టు త్రాగించుట నేటికిని పల్లెలలో కలదు. (రాయి కదలక నొప్పి పెట్టునపుడు కట్టును నమ్ముకొని యింట కూర్చుండక వైద్యుని యొద్దకు పోవలెనని నా మనవి.) ఉష్ణవీర్యమను మాట మాత్రము మన యిల్లాండ్రు చరకుని చదువకయే ఎఱుగుదురు. ఉలవచారులో వెన్నయో మీగడయో వేసి వడ్డించుట, వేసవిలో దానిని తలపెట్టకుండుట, కార్తికము మొదలు మాఘము వఱకు దాని ఋతువగుట, ఇదంతయు ఆ వేడిని ఎఱిగిన వారి యేర్పాటే.

మఱి పశువుల గింజయను పేరెట్లు వచ్చినది? ఆ పేరు గట్టిపడుటలో ఆంగ్లేయుల పాలు కొంత కలదు. పోర్చుగీసువారి భాషలో ధాన్యపుగింజకు గల పేరు ఆంగ్లేయుల నోట 'గ్రామ్' అయినది. చెన్నపట్టణపు దొరలు తమ గుఱ్ఱములకు ఉలవలు పెట్టించిరి. అందుచే ఉలవకు 'హార్స్ గ్రామ్', అనగా గుఱ్ఱపు గింజ, యని పేరు పెట్టిరి. తమిళుని కొళ్ళురసము, కన్నడిగుని హురుళిసారు, కొంకణపు కుళీథు పిఠలె, హిమాలయపు గఢ్వాలువారి గహత్ పప్పు, ఇవన్నియు గుఱ్ఱపు గింజ వంటకములైపోయినవి. పాఠశాలల పుస్తకములలో ఆ పేరే చదివినవారికి ఆ చూపే వచ్చినది.

దొరలు పెట్టిన పేరొక్కటియే కాక, మన డెల్టాలో వేఱొక కారణమును కలదు. ఇచ్చటనే ఆ యెద్దుకథకు గల నిజము దొరకును. గోదావరికి ధవళేశ్వరము వద్ద సర్ ఆర్థరు కాటను 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్టకు పూర్వము ఈ నేలకు వానయే దిక్కు. నందననామ సంవత్సరపు కఱవు, 1832-33 నాటిది, తెలుగుదేశపు తీరమంతయు ఎముకలగూడుగా చేసినది. ఆనకట్ట కట్టి కాలువలు త్రవ్విన పిమ్మట చేలలో నీరు నిలిచెను, వరి పఱచుకొనెను. ఉలవ నీరు నిలిచిన నేలను ఓర్వదు. అది మెట్టకు మఱలిపోయినది. వరియన్నము, కందిపప్పు దొరకిన రైతు ఉలవగుగ్గిళ్లు మానెను. కాని వరిసాగు ఎద్దునకు పని పెంచినది. ఏరువాక మొదలు దమ్ము ముగియువఱకు మోకాలిలోతు బురదలో అరక లాగు ఎద్దు వట్టి గడ్డితో నిలువదు. దానికొఱకు మెట్టనుండి ఉలవబస్తాలు వచ్చెను. అనగా డెల్టా గృహములలోనికి ఉలవ పెరటి తలుపున, ఎద్దు పేరు చెప్పుకొని, రెండవమాఱు ప్రవేశించినది. కట్టు తీసి చారు కాచిన యిల్లాలు నిజముగానే యుండినది. ఆమె చేసినది క్రొత్త కల్పన కాదు. చేజాఱిన తాతలనాటి వంటను మరల పట్టుకొన్నది. ఎద్దుకథ అబద్ధము కాదు, వయస్సు చాలనిది. అది నా నిర్ణయము.

1970 ప్రాంతమున నేను బడికి పోవు పిల్లవాడను. అప్పటికి మా యూర ప్రతి కాపుటింటను దాలిగుంట యుండెడిది. సాయంకాలము పిడకలు పేర్చి నిప్పు వేసి, పెద్ద కాగులో ఉలవలు పోసి పెట్టినచో తెల్లవాఱువఱకు మెల్లగా ఉడుకుచుండెడివి. తెల్లవాఱగనే కట్టు వార్చెడివారు. మొదటి కట్టు చిక్కనిది, ఇంటికి. పాలేరు భార్య చెంబు తెచ్చుకొని కొంత పట్టుకొని పోయెడిది. ఆమెకు రెండవ కట్టు పోసిన యిండ్లును కలవు, మొదటిదే పోసిన యిండ్లును కలవు. ఊరిలో ఎవరి మనసెట్టిదో ఆ చెంబు చూచిన తెలిసెడిది. గుగ్గిళ్లు తవుడుతో కలిసి ఎద్దుల గాడిలోనికి పోయెడివి.

చేయు విధము చెప్పెదను. వినుచున్న యాడువారు నవ్వకుందురు గాక. ఇది పని తక్కువ, కాలమెక్కువ కోరు వంట. అరకిలో ఉలవలలో రాళ్లేఱి, రెండు మూడు నీళ్లు కడిగి, మూడు లీటర్ల నీటిలో రాత్రియంతయు నానవేయవలెను. ఆ నీటితోనే సన్నని సెగపై మూడు గంటలు ఉడుకనిండు. గింజ వ్రేళ్లమధ్య మెత్తగా నలిగినపుడు కట్టు వార్చుడు. రెండు గుప్పిళ్ల గుగ్గిళ్లు మెత్తగా రుబ్బి కట్టులో కలిపినచో చిక్కదనము వచ్చును. పెద్ద నిమ్మకాయంత చింతపండు పులుసు, ఉప్పు, చీల్చిన పచ్చిమిరపకాయలు, కొంచెము బెల్లము చేర్చి రాచ్చిప్పలో పోసి మరల మరిగింపవలెను. ఉల్లిపాయ తినువారు ముక్కలు వేయుదురు. గరిటెకు అంటి మెల్లగా జాఱునపుడు దింపి, నేతిలో ఆవాలు, జీలకఱ్ఱ, ఎండుమిరప, వెల్లుల్లి, కరివేపాకు తిరగమోత పెట్టుడు. మిరపకాయ అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి వెంట వచ్చినది గనుక, అంతకు మునుపటివారు మిరియముతోనే కారము తెచ్చుకొని యుందురు. మా యింట జలుబు చేసినవారికి నేటికిని మిరియముతోనే కాతురు. నాకదియే ఎక్కువ నచ్చును. వేడి యన్నములో పోసి పైన మీగడ వేసినచో అరడజను మంది గల కుటుంబమునకు మఱియొక కూర అక్కఱలేదు.

ప్రెషరు కుక్కరులో అరగంటలో ఉడికింపవచ్చును. గింజ ఉడుకును, నిజమే. కాని దాలిపై రాత్రియంతయు కాగిన కట్టు రంగు దానికి రాదు. రెండుపూటలు మెల్లగా కాచినచో కొంత వచ్చును.

నా కండ్ల యెదుటనే ట్రాక్టరు వచ్చి అరక పోయినది. అరకతో ఎద్దులు, ఎద్దులతో దాలిగుంటలు పోయినవి. ఎద్దు పోయిన యింట ఉలవచారును పోవునని నేను భయపడితిని. అది హోటలునకు పోయినది. నేడు సీసాలలోను పొట్లములలోను అమ్ముచున్నారు, బిర్యానీలో పోయుచున్నారు. 2014లో ఉలవచారు బిర్యానీ యను పేరుతో నొక చలనచిత్రము కూడ వచ్చినది. దాణానీళ్లని చేయి అడ్డము పెట్టిన పెద్దమనిషి మనుమడు పట్టణమున దానిని వెలపోసి తినుచున్నాడు. నాకందు ఆక్షేపణ లేదు. పొట్లములోని చారు అడుగంటకుండ చల్లని నీటిలో కలిపి కాచుకొనుడని మాత్రము చెప్పుదును.

ఇంటిలో కాచుకొనువారికి మిగులు చిక్కొకటే, ఆ గుగ్గిళ్లు. అరకిలో ఉలవలు ఉడికి పెద్ద గిన్నెడగును. కట్టు తీసినను వానిలో సారమింకను కలదు. పచ్చిమిర్చి, కొబ్బరికోరు వేసి తాలింపు పెట్టినచో సాయంకాలము పిల్లలు తిందురు. ఎండబెట్టి వేయించి కారప్పొడి కొట్టుకొనువారును కలరు. ఇంకను మిగిలినచో వీథి చివర పాడిగేదె యున్న యింటికి పంపుచున్నాము. మఱునాడు గిన్నె కడిగి, దానిలో కొంచెము మజ్జిగ పోసి తిరిగి పంపుచున్నారు.